కల్లా లిల్లీ పెంపకం: దుంప ఎంచుకోవడం మొదలు, దాన్ని నిద్రపుచ్చి మళ్ళీ లేపేదాకా

కల్లా లిల్లీ పేరులోనే కల్ల ఉంది. ఇది లిల్లీ కాదు, ఆ మాటకొస్తే కల్లా కూడా కాదు. 1753లో లిన్నేయస్ దీన్ని కల్లా అనే ప్రజాతిలో చేర్చాడు, 1826లో స్ప్రెంగెల్ అనే జర్మన్ వృక్షశాస్త్రవేత్త అక్కడి నుంచి తీసి జాంటెడెస్కియా అనే కొత్త ప్రజాతిలో పెట్టాడు, కానీ ఆ పేరు నోరు తిరగక కాబోలు, జనం పాత పేరునే పట్టుకుని ఉండిపోయారు. మనం పువ్వు అనుకుని మురిసిపోయేది కూడా పువ్వు కాదు, దొప్పలా చుట్టుకున్న ఒక ఆకు. అసలు పూలు ఆ దొప్ప మధ్యలో నిలబడ్డ కంకి మీద, పట్టి చూస్తే తప్ప కనపడనంత చిన్నగా ఉంటాయి, కింది భాగంలో ఆడపూలు, పైన మగపూలు. చేమ, కంద, మనీ ప్లాంట్, ఆంథూరియం అన్నీ దీనికి చుట్టాలే.

ఈ కల్లల వల్ల ఎవరికీ నష్టం లేదు. నష్టం చేసేది ఇంకోటి ఉంది. కల్లా లిల్లీ అని ఒకే పేరుతో అమ్మేవి నిజానికి రెండు రకాల మొక్కలు, ఒకదానికి పడేది రెండోదానికి పడదు. నేను మొదటిసారి గులాబీ రంగు రకం దుంప నాటినప్పుడు, ఈ మొక్క నీళ్ళ గట్టున పెరుగుతుందని ఎక్కడో చదివి, కుండీ కింద పళ్ళెంలో ఎప్పుడూ నీళ్ళు ఉండేలా చూసుకున్నాను. నాలుగు వారాలైనా మొలక రాలేదు. తవ్వి చూస్తే దుంప ఉండాల్సిన చోట బూడిదరంగు జావ, ముక్కు మూసుకునేంత కంపు. నేను చదివింది తప్పేమీ కాదు, కాకపోతే అది తెల్ల కల్లా గురించి రాసింది. అందుకే కుండీ, మట్టి, ఎరువు అన్నిటికన్నా ముందు, మీ చేతిలో ఉన్నది ఏ రకమో తేల్చుకోండి.

తెల్లదా, రంగుదా?

రెండింటి పుట్టిల్లూ ఆఫ్రికా దక్షిణ భాగమే, కానీ పెరిగిన చోట్లు వేరు. తెల్ల కల్లా (శాస్త్రీయ నామం జాంటెడెస్కియా ఏథియోపికా, పేరులో ఇథియోపియా ఉన్నా ఆ దేశంతో సంబంధం లేదు) వాగుల పక్కన, చిత్తడి నేలల్లో పెరిగే మొక్క. నీళ్ళు అందుతూ ఉంటే ఏడాది పొడుగునా పచ్చగానే ఉంటుంది, నేల ఎండిపోతేనే నిద్రలోకి వెళ్తుంది. మీటరు దాకా ఎత్తు పెరుగుతుంది. ఆకులు బాణం మొన ఆకారంలో, నిగనిగలాడుతూ, మచ్చలు లేకుండా ఉంటాయి.

పసుపు, గులాబీ, నారింజ, ఊదా, దాదాపు నల్లగా కనిపించే ముదురు ఎరుపు, ఇవన్నీ ఎలియోటియానా, రెహ్మానీ లాంటి వేరే జాతులను కలిపి పుట్టించిన సంకరాలు. వాటి పూర్వీకులు వేసవిలో వాన పడి, చలికాలం ఎండిపోయే గడ్డి నేలల్లో, రాళ్ళ వాలుల్లో పెరిగేవి. కాబట్టి వీటికి ఏటా కొన్ని నెలలు పొడి నిద్ర తప్పనిసరి, తడి నిలిస్తే మాత్రం ప్రాణం మీదికొస్తుంది. సాధారణంగా 30 నుంచి 60 సెంటీమీటర్ల ఎత్తులో ఆగిపోతాయి, చాలా వాటి ఆకుల మీద తెల్లటి చుక్కలు ఉంటాయి.

రంగు చూసి మోసపోకండి. రంగు సంకరాల్లోనూ తెల్లగా పూసేవి ఉన్నాయి, అటు ఏథియోపికాలో గ్రీన్ గాడెస్ అని ఆకుపచ్చ కలిసిన దొప్ప ఉన్న రకం ఉంది. నమ్మదగిన గుర్తు మట్టి కిందే ఉంటుంది. రంగు రకాల దుంప అణిచినట్టు బల్లపరుపుగా, బిళ్ళలా ఉంటుంది, తెల్లదానిది పొడుగ్గా, లావుగా, అల్లం కొమ్ములా పక్కకి సాగుతుంది.

దుంప ఎంచుకోవడం

చేతిలోకి తీసుకుంటే గట్టిగా, చూపుకన్నా కొంచెం బరువుగా అనిపించాలి. బొటనవేలితో నాలుగు వైపులా నొక్కి చూడండి, ఎక్కడైనా మెత్తగా దిగితే అది వద్దు. వాసన కూడా చూడండి, సిగ్గుపడక్కర్లేదు. పైన తుడిస్తే పోయే పల్చటి బూజు ఉంటే పర్వాలేదు. దుంప ఎంత పెద్దదైతే అన్ని ఎక్కువ కళ్ళు (మొలకలు పుట్టే బొడిపెలు), అన్ని ఎక్కువ పూలు. రూపాయి బిళ్ళంత దుంప మొదటి ఏడాది ఆకులతోనే సరిపెట్టవచ్చు, అడ్డంగా 5 సెంటీమీటర్లు దాటినది అయితే ఆ ఏడే పూస్తుంది.

పూలతో ఉన్న కుండీనే తెచ్చుకుంటే ఒక సంగతి తెలిసి ఉండాలి. వాణిజ్యంగా పెంచేవాళ్ళు పూల సంఖ్య పెరగడానికి దుంపల్ని జిబ్బరెలిక్ ఆమ్లం అనే మొక్కల హార్మోన్ ద్రావణంలో ముంచి నాటడం, మొక్క పొట్టిగా గుబురుగా ఉండడానికి ఎదుగుదల తగ్గించే మందు వాడడం మామూలే. అందుకే రెండో ఏడాది అదే మొక్క పొడుగ్గా సాగి, పూలు తక్కువ ఇస్తే మీ పెంపకంలో లోపం అనుకుని టెన్షన్ పడకండి. అదే దాని అసలు రూపం.

ఎప్పుడు నాటాలి?

క్యాలెండర్ చూసి కాదు, మట్టి వేడి చూసి. నాటే మట్టి 18 డిగ్రీల దగ్గరికి వచ్చి ఉండాలి, అంతకన్నా చల్లగా ఉంటే దుంప కదలదు, కదలని దుంప తడిలో కుళ్ళుతుంది. మొక్కకి నచ్చేది 18 నుంచి 24 డిగ్రీలు. 30 దాటి రోజుల తరబడి ఉంటే కొత్త పూలు రావడం ఆగుతుంది, ఆకులు పాలిపోయి మొక్క ముందే నిద్రకి సిద్ధపడుతుంది. రంగు రకాలు నాటిన దగ్గర్నుంచి పూతకి సుమారు 60 నుంచి 90 రోజులు తీసుకుంటాయి. మంచు పడే చోట ఉంటే మంచు భయం పోయాక నాటండి. ఎండలు మండే చోట ఉంటే వెనక్కి లెక్కేసుకోండి: పూలు వచ్చే నెల చల్లగా ఉండాలి, కాబట్టి నాటడం దానికి మూడు నెలల ముందు. ఎండలు తగ్గుముఖం పట్టగానే మొదలుపెడితే చలి రోజుల్లో పూలు చూస్తారు.

కుండీ, మట్టి

ఒక్క దుంపకి 20 సెంటీమీటర్ల వెడల్పున్న కుండీ సరిపోతుంది, మూడు కలిపి పెట్టాలంటే 30 సెంటీమీటర్లది తీసుకోండి. మరీ పెద్ద కుండీలో చిన్న దుంప పెడితే, వేళ్ళు అందుకోలేని మట్టి రోజుల తరబడి తడిగానే ఉండిపోయి మళ్ళీ కుళ్ళు కథే. మట్టి కుండీ అయితే తడి త్వరగా ఆరుతుంది, నీళ్ళు ఎక్కువ పోసే అలవాటున్నవాళ్ళకి అదే మంచిది. అడుగున రంధ్రాలు లేని అందమైన కుండీ మీద ఎంత మనసున్నా, దాన్ని బయటి తొడుగులాగా మాత్రమే వాడండి.

రంగు రకాలకి నేను కలిపే పాళ్ళు: కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) నాలుగు వంతులు, బాగా చివికిన కంపోస్ట్ లేదా వర్మికంపోస్ట్ మూడు వంతులు, పెర్లైట్ (మట్టిని గుల్లగా ఉంచే తేలికైన తెల్ల గుళికలు) లేదా ముతక ఇసుక మూడు వంతులు. కొంచెం పులుపు వైపున్న మట్టి, అంటే పీహెచ్ 6 నుంచి 6.5 మధ్య, బాగా నచ్చుతుంది. పిడికిట్లో పట్టి నొక్కితే ముద్ద కట్టి, వేలితో తడితే విడిపోవాలి. అడుగున గులకరాళ్ళు పరచడం చాలామంది చేస్తారు, నేనూ చేశాను, కానీ దాని వల్ల నీళ్ళు తొందరగా దిగిపోవు. మెత్తటి మట్టి నుంచి నీళ్ళు వెంటనే రాళ్ళలోకి జారవు, రాళ్ళ పైనే ఆగి, తడి పొర దుంపకి ఇంకాస్త దగ్గరవుతుంది. రంధ్రం మీద చిన్న పెంకు ముక్కో, జాలీ ముక్కో పెడితే చాలు.

తెల్ల కల్లాకి ఇంత హడావిడి అక్కర్లేదు. కంపోస్ట్ ఎక్కువ కలిపిన మామూలు తోటమట్టి చాలు, తడి పట్టి ఉంచేదైతే ఇంకా మంచిది. నీళ్ళ తొట్టిలో కలువలు పెంచేవాళ్ళయితే కుండీతో సహా ఒక అరడుగు నీళ్ళలో దింపేయొచ్చు, హాయిగా పెరుగుతుంది. కాకపోతే దీన్ని ఇంటి బయట వాగులు, కాలువల దగ్గర మాత్రం నాటకండి. పశ్చిమ ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో ఇలా తప్పించుకుపోయి కలుపు మొక్కగా తేలింది.

నాటడం

దుంపకి నునుపైన గుండ్రటి వైపు కిందికి, బొడిపెలు, పాత కాడల గుర్తులు ఉన్న వైపు పైకి రావాలి. ఏది పైనో తెలియకపోతే పక్కకి పడుకోబెట్టండి, మొలక తన దారి తనే వెతుక్కుంటుంది. పైన 5 నుంచి 8 సెంటీమీటర్ల మట్టి ఉండాలి, తెల్లదానికి ఇంకో రెండు సెంటీమీటర్లు ఎక్కువైనా ఫర్వాలేదు. దుంపకీ దుంపకీ మధ్య కుండీలో ఒక జానెడు కన్నా తక్కువైనా నడుస్తుంది, నేలలో అయితే 25 నుంచి 30 సెంటీమీటర్లు వదలండి.

నాటాక ఒకసారి నీళ్ళు పోసి మట్టి సర్దుకోనివ్వండి. తర్వాత ఆగండి. రంగు రకం అయితే మొలక కనిపించేదాకా, పై రెండంగుళాలు పూర్తిగా ఆరితే తప్ప చుక్క నీళ్ళు వద్దు. ఈ దశలో దుంపకి వేళ్ళే ఉండవు, మీరు పోసే నీళ్ళు తాగేవాళ్ళు లేరు. మొలక రావడానికి రెండు మూడు వారాలు, ఒక్కోసారి ఐదు కూడా పడుతుంది. ఆ రోజుల్లో వేలు పెట్టి కెలకాలని చేయి తెగ దురద పెడుతుంది, ఆపుకోండి, లేత మొలక తల విరిగిపోతే ఆ కన్ను పోయినట్టే.

నిజం దురద గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. కంద తరిగితే చేతులు ఎందుకు దురద పెడతాయో, దీని రసం తగిలినా అందుకే పెడుతుంది: కాల్షియం ఆక్సలేట్ సూది స్ఫటికాలు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అంటారు గానీ, దుంపలు కోసేటప్పుడు మీరు చేతి తొడుగులు వేసుకోండి. పసిపిల్లలు, కుక్కలు, పిల్లులు నమిలితే నోరు మండి, వాచి, చొంగ కారుస్తూ వాంతులు చేసుకోవచ్చు. అసలు లిల్లీల్లాగా పిల్లుల కిడ్నీలు పాడుచేసే విషం ఇందులో లేదు, అయినా అందనంత ఎత్తులో పెట్టడమే మంచిది. ఎవరైనా నమిలితే నోరు కడిగి వెంటనే డాక్టర్‌ని, జంతువైతే పశువైద్యుణ్ణి అడగండి.

నీళ్ళు, ఎండ

ఆకులు విచ్చుకున్నాక లెక్క మారుతుంది. ఇప్పుడు రంగు రకానికైనా సరే మట్టి ఎప్పుడూ సమంగా తేమగా ఉండాలి. వేలు ఒక అంగుళం లోపలికి పెడితే ఆరినట్టు తగలగానే అడుగు రంధ్రంలోంచి కారేదాకా పోయండి, పళ్ళెంలో చేరినవి పారబోయండి. ఆకుల మొదట్లో, కాడల గుత్తి నడుమ నీళ్ళు నిలవకుండా కుండీ అంచు వెంట పోయడం అలవాటు చేసుకోండి. రోజూ ఒక గ్లాసు అని లెక్క పెట్టుకుంటే మబ్బు రోజున ఎక్కువ, గాలి వీచే రోజున తక్కువ అవుతుంది. తెల్లదానికి ఈ పరీక్షలేవీ వద్దు, మట్టి ఆరనివ్వకుండా ఉంటే చాలు.

పొద్దున్నే ఆకుల చివర నీటి బొట్లు వేలాడుతుంటే కంగారు పడకండి. రాత్రి వేళ్ళు తోడిన నీళ్ళు ఎక్కువై ఆకు అంచుల్లోంచి బయటికి వస్తాయి, చేమ జాతి మొక్కల్లో ఇది మామూలు. నాకు మాత్రం ఆ దృశ్యం పూలకన్నా ఎక్కువ ఇష్టం. కింద చెక్క బల్ల ఉంటే మరకలు పడతాయి, అంతే.

ఎండ విషయంలో రోజుకి ఐదారు గంటలు పొద్దుటి ఎండ పడే చోటు అన్నిటికన్నా మంచిది. చల్లటి వాతావరణంలో రోజంతా ఎండ తగిలినా తట్టుకుంటుంది, వేడి ప్రాంతాల్లో మధ్యాహ్నం ఎండ తగిలితే దొప్ప అంచులు మాడి, రంగు వెలిసిపోతుంది. ఇంటి లోపల అయితే తూర్పు కిటికీ. చీకటి మూలన పెడితే కాడలు సన్నగా సాగి, కిటికీ వైపు వంగి, చివరికి వాలిపోతాయి. కుండీని వారానికోసారి పావు వంతు తిప్పుతూ ఉంటే మొక్క నిటారుగా ఉంటుంది.

ఎరువు

ఆకులు బ్రహ్మాండంగా వచ్చి పూలు లేవంటే, పదింట ఎనిమిదిసార్లు నేను అనుమానించేది నత్రజనినే. ఆకుకూరలకి వేసినట్టు యూరియానో, పచ్చి పేడనో వేస్తే ఇది ఆకులే వేస్తుంది. నత్రజని తక్కువగా, పొటాష్ ఎక్కువగా ఉన్న ద్రవ ఎరువు, డబ్బా మీద రాసినదాంట్లో సగం గాఢతతో, రెండు మూడు వారాలకోసారి ఇవ్వండి. మొదటి ఆకు పూర్తిగా విచ్చాక మొదలుపెట్టి, ఆఖరి పువ్వు వాడేదాకా. పొడి మట్టి మీద ఎరువు నీళ్ళు పోయకండి, వేళ్ళు మాడతాయి. నిద్రలో ఉన్న దుంపకి ఎరువే వద్దు.

పూలు వచ్చాక

దొప్ప పూర్తిగా విచ్చుకుని, కంకి మీద పుప్పొడి రాలకముందే కోస్తే కూజాలో వారం నుంచి రెండు వారాలు నిలుస్తుంది. తెల్లదాని కాడని మొదట్లో పట్టుకుని కొద్దిగా మెలితిప్పి లాగితే శుభ్రంగా ఊడి వస్తుంది. రంగు రకాల్ని లాగితే లేత దుంప కూడా కదిలే ప్రమాదం ఉంది, పదునైన కత్తితో కోయండి, మొక్కకీ మొక్కకీ మధ్య కత్తిని స్పిరిట్‌తో తుడవండి. కుళ్ళు తెగులు ఒక కుండీ నుంచి ఇంకో కుండీకి కత్తి మీద కూర్చునే వెళ్తుంది. కూజాలో రెండు మూడంగుళాల నీళ్ళు చాలు, నిండా పోస్తే మెత్తటి కాడ చీకుతుంది. కోసిన కొస చీలి ఉల్లికాడలా చుట్టలు తిరుగుతుంటే కొస చుట్టూ ఒక చుట్టు టేపు వేయండి.

మొక్క మీదే వదిలేసిన దొప్ప రోజులు గడిచేకొద్దీ ఆకుపచ్చకి తిరుగుతుంది. అది జబ్బు కాదు, పూయడం పని అయిపోయి ఆకు పని మొదలుపెట్టింది. విత్తనాలు అక్కర్లేకపోతే ఆ కాడ తీసేయండి, బలం దుంపకి పోతుంది.

తేడా కనిపిస్తే

ఒక్కసారిగా ఆకులు పసుపెక్కి, కాడ మొదట్లో ముట్టుకుంటే జారుడుగా ఊడొచ్చి, కంపు కొడితే అది మెత్తని కుళ్ళు. పెక్టోబ్యాక్టీరియం అనే బ్యాక్టీరియా పని, వేడి, తడి కలిసినచోట రెండు మూడు రోజుల్లో దుంపని జావ చేస్తుంది. మందు కొట్టి బతికిద్దాం అనుకుంటారు గానీ, పూర్తిగా పట్టాక పనిచేసే మందు లేదు. తొలిరోజుల్లోనే చూస్తే దుంప బయటికి తీసి, చెడిన భాగం దాటి గట్టి తెల్లటి కండ కనిపించేదాకా కోసి, రెండు మూడు రోజులు నీడలో ఆరబెట్టి కొత్త మట్టిలో పెట్టి చూడొచ్చు. పాత మట్టి పారేయండి, కుండీ బ్లీచింగ్ నీళ్ళతో కడగండి. నాకు ఇలా బతికినవాటికన్నా పోయినవే ఎక్కువ.

మిగతా పురుగులు కొత్తవేం కాదు. లేత కాడల మీద పేనుబంక, దొప్ప మీద వెండి రంగు గీతలు గీసే తామర పురుగులు, పొడి గాలిలో ఆకు అడుగున సన్నటి గూడు అల్లే ఎర్రనల్లి. గట్టిగా నీళ్ళు కొట్టడం, అవసరమైతే సాయంత్రం పూట సబ్బు కలిపిన వేప నూనె సరిపోతాయి, పూల మీద మాత్రం పడకుండా చూడండి, మచ్చ పడుతుంది. ఆకుల మీద లేత పసుపు చారలు, మెలికలు ఏడాదికేడాది వస్తుంటే అది వైరస్ కావచ్చు, దానికి చికిత్స లేదు, మొక్కని పక్కనున్నవాటి నుంచి తీసేయడమే. కేవలం పాత ఆకు ఒకటీ అరా పసుపెక్కితే ఏమీ చేయకండి.

నిద్రపుచ్చడం, లేపడం

చాలామంది కల్లాని పారేసేది ఇక్కడే. పూలైపోయి కొన్ని వారాలకి ఆకులు పసుపెక్కుతాయి, చచ్చిపోయిందనుకుని నీళ్ళు ఇంకా ఎక్కువ పోస్తారు, లేదా కుండీ ఖాళీ చేసేస్తారు. రంగు రకం అయితే అది నిద్రకి వెళ్తోంది. పూలయ్యాక ఆకులు పచ్చగా ఉన్నంతకాలం నీళ్ళు ఇస్తూనే ఉండండి, వచ్చే ఏడాది పూలకి కావలసిన బలం ఆ ఆకులే దుంపలో దాస్తాయి. ఆకులు వాటంతట అవి పసుపెక్కడం మొదలయ్యాక నీళ్ళు తగ్గిస్తూ వచ్చి ఆపేయండి. పూర్తిగా ఎండిన ఆకులు చేత్తో లాగితే ఊడొస్తాయి. అప్పుడు కుండీని అలాగే వాన తగలని నీడలో పెట్టొచ్చు, లేదా దుంపలు తవ్వి, మట్టి దులిపి (కడగొద్దు), మూడు నాలుగు రోజులు గాలి తగిలే నీడలో ఆరబెట్టి, పొడి కోకోపీట్‌లోనో రంపపు పొట్టులోనో ఒకదానికొకటి తగలకుండా దాచొచ్చు. 10 నుంచి 15 డిగ్రీల చోటు దొరికితే మంచిది. ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి పెడితే లోపల చెమ్మ పట్టి మొత్తం పోతాయి, కాగితం సంచి వాడండి. నెలకోసారి తీసి నొక్కి చూసి, మెత్తబడినవి ఏరేయండి. రెండు మూడు నెలల తర్వాత కళ్ళు ఉబ్బి, గులాబీ రంగు మొనలు కనపడితే లేపే వేళయినట్టు.

తెల్లదానికి ఈ తతంగం అక్కర్లేదు. చల్లగా, తడిగా ఉంటే పచ్చగానే ఉంటుంది, ఎండలకి వాడిపోతే ఆకులు కోసేసి నీడలో పెట్టి, చల్లబడ్డాక నీళ్ళు మొదలుపెడితే మళ్ళీ వస్తుంది.

మూడేళ్ళకోసారి దుంపల గుత్తి కుండీని నింపేసి, పూలు తగ్గుతాయి. విడదీయడానికి మంచి సమయం ఈ నిద్ర చివర్లోనే. చేత్తో విడిపోయేవి విడదీయండి, కోయక తప్పకపోతే ప్రతి ముక్కకి కనీసం రెండు కళ్ళు ఉండేలా కోసి, గంధకం పొడి అద్ది, కోసిన చోటు పొర కట్టేదాకా రెండు మూడు రోజులు ఆరనివ్వండి. పచ్చి గాయంతో తడి మట్టిలోకి వెళ్ళిన ముక్క ఎలా తేలుతుందో పైన చెప్పాను. విత్తనాల నుంచి కూడా పెంచొచ్చు, కాకపోతే పువ్వు చూడడానికి రెండు మూడేళ్ళు పడుతుంది, పైగా సంకరాల విత్తనాలు తల్లి రంగులో పూయవు. నా దగ్గర ఒక పసుపు మొక్క విత్తనం నుంచి వచ్చినది ఈ ఏడు మొదటిసారి పూసింది, పసుపూ కాదు గులాబీ కాదు, ఏ రంగో ఇంట్లో ఇంకా ఎవరూ ఒప్పుకోలేదు.